ధాత కరువునాటి క్లౌ దొరగారు

2020వ సంవత్సరము మార్చి నెలాఖరున దేశమంతట రాకపోకలు నిలిపివేయబడి పాఠశాలలు మూతబడినప్పుడు, కొరోనా భయము ఒకవైపు, పనిలేక పొయ్యి వెలుగని ఇండ్లు మరియొకవైపు కనబడెను. తెల్లకార్డు గల కుటుంబములలో తలకు 12 కిలోల బియ్యమును, కుటుంబమునకు 1500 రూపాయలును తెలంగాణ ప్రభుత్వము ఇచ్చెను. పరరాష్ట్రములనుండి వచ్చిన కూలీలకు 12 కిలోల బియ్యమును 500 రూపాయలును ఇచ్చెను. అయినను బియ్యముండి పప్పు లేని ఇల్లు, పప్పుండి నూనె లేని ఇల్లు మా నస్పూరు వాడలలో అనేకములుండెను. అట్టి ఇండ్లమధ్య మూతపెట్టిన గిన్నెలు సాయంకాలపు మసకలో అటునిటు పోవుట మేము కన్నులార చూచితిమి. ఇచ్చినవారు చెప్పుకొనలేదు; పుచ్చుకొన్నవారు తలవంచుకొనలేదు. మరియొకచోట మాత్రము, సంచులు పంచుచు పుచ్చుకొనువారిని వరుసగా నిలువబెట్టి పటములు తీయుటయు చూచితిమి. ఆ వరుసలో నిలువజాలక గోడచాటున నిలిచి, జనము పోయిన పిమ్మట వట్టిచేతులతో ఇంటికి మరలిన ఒక తల్లి ముఖము మేమింకను మరువలేదు.

బడులు తెరచిన తరువాత ఈ సంగతి తరగతిలో చెప్పగా, పూర్వము ఇట్టి కాలములందు మనవారిని ఎవరు ఆదుకొనిరని ఒక విద్యార్థి మమ్ము అడిగెను. ఆనాడు గంట కొట్టుటచేత సగము చెప్పి విడిచితిమి. మిగిలిన సగము ఇక్కడ వ్రాయుచున్నాము. ఆకలిగొన్నవారికి అన్నము పెట్టినవారు మన దేశమున అనేకులు కలరు. కాని పెట్టిన అన్నమునకు ప్రతిఫలముగా వారి మనస్సాక్షిని పుచ్చుకొనకూడదని పదునైదు మాసములు తన్ను తాను కట్టడిచేసికొనిన ఒకరి చరిత్రము మిషను పాఠశాలలో చదువు మన పిల్లలు ప్రత్యేకముగా ఎరుగవలెనని మా అభిప్రాయము. ఆయనయే ఒంగోలు జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు.

క్లౌగారు 1836వ సంవత్సరము జూలై 16వ తేదీన అమెరికాదేశములో న్యూయార్కు రాష్ట్రమందలి ఫ్రూస్‌బర్గు అను పల్లెకు సమీపమున జన్మించెను. కుటుంబము సామాన్యమైనది. బ్రతుకుతెరువు వెదకికొనుచు వారు పడమటికి తరలి, కడకు అయోవా రాష్ట్రము చేరిరి. బాలుడు పడుచుప్రాయమున మిన్నెసోటా అడవులలో భూమిని కొలుచు ప్రభుత్వపు సర్వే బృందములో చేరి గొలుసు పట్టెను. ఆ గొలుసు పని ఆయనకు ముందెప్పుడో, మరియొక ఖండమున, వేలమంది ప్రాణములకు అక్కరకు వచ్చునని అప్పుడెవరును తలంచియుండరు. పిమ్మట న్యాయవాది కావలెనను కోరికతో బర్లింగ్టను పట్టణమున చదువనారంభించెను. అక్కడ 1858లో క్రీస్తును నమ్మి బాప్తిస్మము పొందెను. న్యాయశాస్త్రము వెనుకబడెను, మిషను సేవ ముందునకు వచ్చెను.

అమెరికను బాప్తిస్టు మిషనువారి తెలుగు పని ఆరంభమైనది క్లౌగారు పుట్టిన 1836వ సంవత్సరమందే. దానిని ఆరంభించినవారు డే దొరగారు. 1840 నుండి నెల్లూరు దానికి కేంద్రమయ్యెను. ఏండ్లు గడిచినను ఫలితము మిక్కిలి స్వల్పము. ఈ పని మూసివేయుదమా అను ప్రశ్న మిషను పెద్దలయెదుట పలుమారు వచ్చెను. జుయెట్ దొరగారు మాత్రము దానిని విడువలేదు. ఆయనయు, ఆయన భార్యయు, ముగ్గురు తెలుగు క్రైస్తవులును 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున ఒంగోలు ప్రక్కనున్న కొండ యెక్కి, ఆ సీమకు ఒక మిషనరీని పంపుమని ప్రార్థించిరి. నేటికిని దానిని ప్రార్థనకొండ యని పిలుచుచున్నారు. తరువాత జుయెట్‌గారు అమెరికాకు వెళ్లి, ఎవరు రాకున్నను తాను మరల తెలుగువారియొద్దకు పోయి అక్కడనే ప్రాణము విడుతునని పెద్దలకు స్పష్టముగా తెలిపిరి. వృద్ధుని ఒంటరిగా పంపలేక వారు వెంటనిచ్చిన యువకుడే క్లౌగారు. 1864 నవంబరు 30వ తేదీన ఓడయెక్కి, 1865లో చెన్నపట్టణము చేరి, నెల్లూరున తెలుగు నేర్చి, 1866 సెప్టెంబరులో భార్య హారియట్‌గారితో ఒంగోలున కాపురము పెట్టెను. 1867 జనవరి 1వ తేదీన అక్కడ సంఘము స్థాపింపబడినప్పుడు సభ్యులు ఎనమండుగురు మాత్రమే.

మాదిగవారిలో ఎర్రగుంట్ల పేరయ్యగారు మొదట నమ్మిన పెద్ద. ఆయన తాళ్లకొండపాడు ప్రాంతమున తనవారికి సువార్త చెప్పగా జనులు గుంపులుగా రాసాగిరి. అదే కాలమున ఒంగోలులోని అగ్రవర్ణముల పెద్దలు కొందరు తమ పిల్లలను దొరగారి బడికి పంపుచుండిరి. మాదిగలను చేర్చుకొనినయెడల తాము రామని వారు తెలియజేసిరి. దొరగారికి ఇది చిన్న చిక్కు కాదు. ఊరి పెద్దల స్నేహము పోయిన ఊరిలో నిలుచుటయే కష్టము. ఆయన ఒక గదిలోను దొరసానిగారు మరియొక గదిలోను బైబిలు తెరువగా, ఒకరికొకరు చెప్పుకొనకయే ఇరువురికిని కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికయందలి మొదటి అధ్యాయపు కడపటి వచనములే కనబడెనట. లోకము తృణీకరించినవారిని దేవుడు ఏర్పరచుకొనుటను గూర్చిన భాగమది. చిక్కు విడిపోయెను. క్లౌగారు మాదిగపల్లెలవైపు నిలిచిరి.

నమ్మినవారికి ఆయన నియమించిన కట్టడలు మూడు: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. వినుటకు చిన్నవియేగాని, నాటి పల్లెలో అవి పెద్ద గాలివాన లేపెను. జాతరలో డప్పు కొట్టనన్న మాదిగవానికి ఊరివారు పని మానిపించిరి, దెబ్బలు కొట్టిరి, నీరు తెచ్చుకొను త్రోవ మూసిరి. క్లౌగారు కలెక్టరు కచేరీ మెట్లు ఎక్కి దిగి వారి పక్షమున పోరాడుచుండిరి. ఈలోపల అందరిని సమానముగా కొట్టు దెబ్బ వచ్చెను.

1876వ సంవత్సరమును తెలుగువారు ధాత సంవత్సరమనిరి. అంతకుముందు 1832-33లో వచ్చిన నందన కరువు గుంటూరు సీమను ఊడ్చివేసెను. దానినే డొక్కల కరువందురు. ముసలివారు ఇంకను దానిని తలచుకొనుచుండగనే ధాత కరువు వచ్చిపడెను. 1876లో వానలు తప్పెను. చెరువులు ఎండెను. ధాన్యపు ధర రెండింతలు మూడింతలై, కూలివాని చేతికి అందక పోయెను. కరువులో మొదట పని పోవును, తరువాత పశువు పోవును, తరువాత పాత్రలు పోవును, కడపట మనిషి పోవును. రైతుకు పైరు లేనిదే మాదిగవానికి కళ్లమున గింజ లేదు. బ్రతికియుండిన బలుసాకు తినవచ్చునను సామెత అప్పుడు సామెతగా నిలువలేదు; బలుసాకు సయితము దొరకని ఊళ్లుండెను. దక్షిణ భారతమున ఆ కరువున మరణించినవారు సుమారు 55 లక్షలని ఒక లెక్క.

కరువు ఒంటరిగా రాదు. బలహీనమైన దేహములను, ఒకే గుంటలో నీరు త్రాగు గుంపులను వెదకికొనుచు కలరా వచ్చెను. 1877 ఒక్క సంవత్సరముననే చెన్నపురి రాజధానిలో కలరాచే పోయినవారు మూడు లక్షలకు మించిరి. కలరా క్రిమిని కోక్ పండితుడు నిర్ధారణ చేసినది 1884లో గనుక, అప్పటి శిబిరములలో ఎవరికిని శత్రువు ఎక్కడనున్నదో నిశ్చయముగా తెలియదు. తిండికొరకు జనమును ఒకచోట చేర్చినచో రోగమునకు వల పన్నినట్లగును. చేర్చనిచో ఆకలికి అప్పగించినట్లగును. 2020లో మన అధికారులును, సంఘములును, పాఠశాలలును పడిన సంకటము ఇదియే గదా!

ప్రభుత్వము సాయమునకు పనులు పెట్టినమాట నిజము. కాని 1877 ఆరంభమున సర్ రిచర్డు టెంపుల్‌గారు పొదుపు పేరిట కూలివాని దినభత్యమును తగ్గించి, ఒక పౌను ధాన్యమును కొలది డబ్బును చాలుననిరి. ఒక పౌను అనగా అర కిలోకు తక్కువ. దినమంతయు మన్ను త్రవ్వువానికి ఇది చాలదని చెన్నపురి ఆరోగ్యాధికారి కార్నిష్‌గారు గట్టిగా వాదించిరి. కొన్ని మాసములకు భత్యము పెరిగెను. ఆ మాసములు దాటనివారు ఎందరో.

అప్పుడు సముద్రపుటొడ్డున బకింగ్‌హాము కాలువను త్రవ్వించుచుండిరి. 1875 నుండి 1880 వరకు చెన్నపురి గవర్నరుగా నుండిన బకింగ్‌హాము డ్యూకుగారి పేరు దానికి పెట్టబడినది. పెదగంజాము మొదలు తమిళదేశమందలి మరక్కాణము వరకు సుమారు 420 కిలోమీటర్ల పొడవున సముద్రమునకు సమాంతరముగా పోవు ఉప్పునీటి పడవ కాలువ యది. ఆ పనికి పోయిన క్రైస్తవ కూలీలు ఏడ్చుచు ఒంగోలునకు తిరిగివచ్చిరి. పైనున్న మేస్త్రీలు కులము పేరిట తిట్టుచుండిరి, కొట్టుచుండిరి, కొలతలో తగ్గించి కూలి ఎగవేయుచుండిరి. ఆకలిగొన్నవానికి ఇంతకన్న క్రూరమైన మోసము లేదు. సాయము పైనుండి వచ్చినను, నడిమి చేతులు మంచివి కానియెడల అది అడుగువానికి చేరదు.

క్లౌగారు రెండు పనులు చేయగలిగియుండిరి. ఫిర్యాదు వ్రాసి ఊరకుండుట ఒకటి. చేతనున్న సొమ్ముతో ఒంగోలు బంగళా గుమ్మమున గంజి పోయుట మరియొకటి. ఆయన మూడవది చేసిరి. కాలువ ఇంజనీరు నాశ్రయించి, మూడున్నర మైళ్ల కాలువ త్రవ్వకమును తామే కంట్రాక్టుగా తీసికొనిరి. మిషనరీ కంట్రాక్టరగుట చూచినవారికి వింతగా తోచియుండును. కాని మిన్నెసోటాలో గొలుసు పట్టిన చేతికి లోతులు, వెడల్పులు, ఘనపుటడుగులు కొత్తవి కావు. తమకు లాభమక్కరలేదు గనుక, వచ్చిన ధర కూలీలకు ముట్టవలెనన్నదే ఆయన లెక్క.

కాలువగట్టున ఒక ఊరు వెలసెను. గుడిసెలు వేసిరి. మగవారు త్రవ్విరి, ఆడువారు తట్టలతో మన్ను మోసి గట్టునకు చేర్చిరి. మూడు వేలమంది వరకు ఒకేసారి పనిచేసిన దినములుండెను. వారిలో మాదిగలేగాక ఆకలి తరిమిన నానాకులములవారును ఉండిరి. మేస్త్రీలుగా దొరగారు నియమించినది సుమారు ముప్పదిమంది తెలుగు బోధకులను. వీరిలో పెక్కుమంది మాదిగపల్లెలలో పుట్టినవారే. ఒక్కొక్కనిక్రింద నూరుమంది చొప్పున కూలీలు. కొలత సరిగా కొలిచిరి. కూలి సరిగా ఇచ్చిరి. తిట్టు వినబడలేదు, చేయి ఎత్తలేదు. నిన్నటిదాక ఊరిబయట నిలిచినవాడు ఇప్పుడు లెక్కపుస్తకము పట్టి పైకులమువానికి న్యాయముగా కూలి లెక్కకట్టుచున్నాడు. ఆ గట్టుమీద జరిగిన పాఠము ఏ ట్రెయినింగు పాఠశాలలోను మేము నేర్చినది కాదు.

పనివారు అలసి కూర్చుండినప్పుడు బోధకులు వారిప్రక్కనే కూర్చుండి మాటలాడుదురు. ప్రయాసపడువారిని విశ్రాంతికి పిలిచిన క్రీస్తు మాట వారి నోట తరచుగా వచ్చెడిదట. తట్ట మోసి మెడ నొచ్చినవానికి ఆ మాట అర్థము కావలెనన్న వ్యాఖ్యానము అక్కరలేదు. పని ముగిసి ఇండ్లకు పోవునప్పుడు ఆ మాటలు నూరు పల్లెలకు వారి వెంబడి పోయెను.

ఇక మేము ముఖ్యముగా చెప్పదలచిన సంగతి. కాలువగట్టుననే అనేకులు బాప్తిస్మమిమ్మని అడిగిరి. క్లౌగారు నిరాకరించిరి. 1877 మార్చి మొదలు 1878 జూను వరకు, పదునైదు మాసములు, ఆయన ఎవరికిని బాప్తిస్మమియ్యలేదు. మిషనరీకి ఇది చేతికందిన పంటను కోయకుండ నిలుచుట వంటిది. అయితే కూలి ఇచ్చు చేతియొద్దనే మతము పుచ్చుకొనువాడు కూలికొరకు పుచ్చుకొనెనో నిజముగా నమ్మెనో ఎవరు తేల్చగలరు? పుచ్చుకొనువానికే తెలియకపోవచ్చును. అన్నపు క్రైస్తవులను నింద మన సంఘములు నేటికిని వినుచున్నవి. కొన్నిచోట్ల ఆ నిందకు కారణమును మనవారే కల్పించిరని ఒప్పుకొనవలెను. క్లౌగారు మాత్రము కాలువ పని ముగిసి, కరువు సాయపు సొమ్ము తమ చేతిగుండ పోవుట మానువరకు ద్వారము తెరువలేదు.

1877 ఆగస్టులో లండను నగరపు మేయరు ఆరంభించిన చందా సొమ్ము చెన్నపురికి చేరెను. వానలు మరల కురియగా, ఆ సొమ్ముతో రాజధానియందంతట రైతులకు విత్తనములకును, పశువులకును, ఇంటికప్పులకును సాయము చేసిరి. గంజి నేటి ఆకలిని తీర్చును, విత్తనము వచ్చు సంవత్సరపు టాకలిని. ఆ చందా నడపినవారు ఈ భేదమెరిగిన బుద్ధిమంతులు.

1878 జూనులో క్లౌగారు బోధకులను పిలిపించిరి. ఒంగోలులో మశూచికము వ్యాపించియుండుటచే జనము పట్టణమున గుమిగూడుట మంచిది కాదని, పదిమైళ్ల దూరమున గుండ్లకమ్మ యొడ్డునున్న వెల్లంపల్లికి రమ్మనిరి. ఈ చిన్న జాగ్రత్తను చాలమంది చరిత్రకారులు మాటమాత్రముగా దాటిపోవుదురు. రెండు సంవత్సరములు ముఖమునకు గుడ్డ కట్టుకొని తిరిగిన మాకు అది చిన్నదిగా తోచలేదు. బోధకులతోకూడ వేలమంది వచ్చిరి. దొరగారు వారితో, ఇక సాయపు సొమ్ము లేదు, ఇండ్లకు పొండని చెప్పిరి. వారు తాము సొమ్ముకై రాలేదనియు, కాయలు కాచిన తమ చేతులే సాక్ష్యమనియు, మరల పంట పోయి చచ్చినను క్రైస్తవులుగా చచ్చెదమనియు విన్నవించిరి. అప్పుడాయనకు కాదనుటకు మాట లేకపోయెను.

బోధకులు తాము ఎరిగినవారిని ఒక్కొక్కరిని విచారించి నిలువబెట్టిరి. జూలై 2వ తేదీన 614 మంది, 3వ తేదీన 2222 మంది, 4వ తేదీన 700 మంది, వెరసి మూడు దినములలో 3536 మంది గుండ్లకమ్మ నీటిలో బాప్తిస్మము పొందిరి. 3వ తేదీన ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీటిలో దిగిరి. ఉదయమును మధ్యాహ్నమును కలిపి తొమ్మిది గంటల కాలము పట్టెను. దొరగారు నీటిలో దిగలేదు. గట్టునుండి ఏర్పాట్లు చూచుచుండిరి. జూలై నెలాఖరునకు సంఖ్య 8691కి పెరిగెను.

ఇంతమందిని ఇంత త్వరగా చేర్చుకొనుట సరియా అని అమెరికాలోను ఇక్కడను కొందరు సందేహించిరి. సందేహము న్యాయమైనదే. వారిలో వెనుకకు పోయినవారును ఉండిరి; అందరును స్థిరముగా నిలిచిరని చెప్పుట చరిత్రకు అన్యాయము. బడులు, పల్లె ఉపాధ్యాయులు చాలినంతమంది లేకపోవుట ఆ సంఘములను ఎన్నో ఏండ్లు బాధించెను. కాని తిండికొరకే వచ్చిరనువారు, తిండి నిలిచిన తరువాతనే తలుపు తెరువబడెనను సంగతిని మరువరాదు.

మా ఉత్తర తెలంగాణమువారు ఇట్టి మరియొక దృష్టాంతమును దగ్గరనే చూడవచ్చును. మెదకులో పాస్నెట్ దొరగారు 1914 మొదలు 1924 వరకు కట్టించిన మహాదేవాలయము యుద్ధకాలపు కరువులో ఆకలిగొన్నవారికి పని చూపుటకై సాగిన కట్టడమే. సెలవులలో అక్కడికి పోవు పిల్లలు రంగుల అద్దములనేగాక రాళ్లు మోసినవారినిగూడ తలచుకొందురని ఆశింతుము.

క్లౌగారు తరువాత మూడు దశాబ్దములకు పైగా జీవించిరి. పాఠశాలలను పెంచిరి, తెలుగు బోధకులను సంఘములకు కాపరులుగా నిలిపిరి. 1893లో హారియట్‌గారు కాలధర్మమొందిరి. 1894లో ఆయన ఎమ్మా రౌషన్‌బుష్‌గారిని వివాహమాడిరి. ఈమె మాదిగవారి జీవితమును మతమును పరిశీలించి 1899లో ఒక గ్రంథము ప్రకటించిన విదుషి. దొరగారు 1910 నవంబరులో అమెరికాలోని రాచెస్టరు పట్టణమున కన్నుమూసిరి. ఆయన చెప్పగా ఎమ్మాగారు వ్రాసిన ఆత్మచరిత్రము 1914లో వెలువడెను. ఒంగోలులో ఆయన పేరిట ఆసుపత్రి నెలకొల్పబడెను.

కాలువ మాట మిగిలియున్నది. రైళ్లు, లారీలు వచ్చిన తరువాత దానిపై పడవలు తగ్గి, పెక్కుచోట్ల పూడిక నిండెను. 2008లో దానిని జాతీయ జలమార్గములో చేర్చిరి. అంతకు నాలుగేండ్లముందు, 2004 డిసెంబరు 26వ తేదీ ఉదయము సునామీ అలలు తూర్పుతీరముపై విరుచుకుపడినప్పుడు, చొచ్చుకొనివచ్చిన నీటిలో కొంత భాగము ఆ కాలువలో దిగి నిలిచిపోయెననియు, దానివెనుకనున్న పల్లెలకు దెబ్బ తగ్గెననియు పరిశీలించినవారు వ్రాసిరి. ధాత కరువున తట్టలతో మన్ను మోసిన తల్లులలో ఎవరి పేరును ఆ గట్టుమీద ఎక్కడను చెక్కియుండలేదు.